కలవని పోగులు

బెర్గెన్‌లో వాన ఇవాళ కూడా తెరిపి ఇవ్వలేదు.
చేపల గదిలో మాత్రం ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు,
ఏడాది పొడుగునా గోడల మధ్య దాచిపెట్టిన ఎండాకాలం.
తొమ్మిదింటికి ట్యూబులైట్లు వెలుగుతాయి,
ఈ చేపలకి అదే తెల్లవారడం.
వెలిగిన పావుగంటకల్లా గుడ్లు పెట్టేస్తాయి,
గాజుపూసల్లా,
దాచుకోవడం ఇంకా నేర్వనివి.

టోర్గున్ వాటిని టీ జల్లెడతో పడుతుంది.
ఇరవై రెండేళ్లుగా అదే జల్లెడ,
పిడి మాత్రం మూడుసార్లు మారింది.
ఇప్పటి పిడికి వల దారం చుట్టి ఉంది, బిగుతుగా, ముడి కనబడకుండా.
ఎవరు చుట్టారంటే
"ఇంట్లో" అంటుంది.

మరునాటికి గుడ్డులో తోక ఒకటి తుళ్లిపడుతుంది.
కండ వచ్చిందన్నమాట.
ఎలా వస్తుందో చెప్పినవాడు ఐలిఫ్,
కాఫీ కప్పు మరక పక్కనే బొమ్మ గీసి:

ఇదొక కణం. పక్కన ఇంకోటి.
దీని ఒంటి మీద ఒక ప్రోటీను, జామ్-బి.
దాని ఒంటి మీద మరొకటి, జామ్-సి.
(తినే జామ్ కాదు, అన్నాడు. ఆమె నవ్వలేదు.)
ఇది దాన్ని వెతుక్కుంటుంది, అది దీన్ని.
పట్టు దొరికితే
నడిమి గోడ కరిగిపోతుంది.
రెండిళ్లు ఒకే ఇల్లవుతాయి,
అయినా ఏ పొయ్యీ ఆరదు.
అలా మూడు పొయ్యిలు, నాలుగు, ఐదు,
ఒకే కప్పు కింద పొడుగాటి వసారా.
దాన్నే కండ పోగు అంటాం,
దాంతోనే బరువులెత్తుతాం.

"పట్టు దొరక్కపోతే?"

ఐలిఫ్ ఏడో వరుస తొట్లు చూపించాడు.
నీలం చీటీలు. జామ్-సి లేకుండా పుట్టినవి.

చేతులు తుడుచుకుని ఆమె కూడా ఒకసారి
సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది.
మామూలు పిల్లలో కేంద్రకాలు
సంతలో లాంతర్లలా ఎక్కడ పడితే అక్కడ.
ఏడో వరుస పిల్లలో
పోగుకి ఒక్కటే, సరిగ్గా నడుమ,
ఒకదాని కింద ఒకటి,
జనం లేని వీధిలో దీపస్తంభాలు.
పోగును పోగు ఒరుసుకునే ఉంది,
వెంట్రుక దూరే సందు లేదు.
ఆనుకోవడం వేరు, కలిసిపోవడం వేరు.

చాలాసేపు కన్ను తీయలేదు టోర్గున్.

ఇంట్లో పై అంతస్తు ఆమెది, కింది అంతస్తు అక్క ఓస్లౌగ్‌ది.
తొమ్మిదేళ్లయింది మాటల్లేక.
పడవకి ఏ రంగు వేయాలన్న దగ్గర మొదలైందది,
తర్వాత ఎక్కడెక్కడికి పాకిందో
ఇద్దరిలో ఎవరూ పైకి చెప్పరు.
నేలపలకల సందుల్లోంచి
ఒకరి రేడియో ఒకరికి వినబడుతుంది.
ఒకరి చేప వేపుడు ఒకరికి వాసనొస్తుంది.
జల్లెడ విరిగిన రాత్రి మెట్ల మీద పెట్టి పడుకుంది,
పొద్దున్నకి దారం చుట్టి అక్కడే ఉంది.
ఆదివారం ఎండ్రకాయల బుట్టలు పైకి తీయడానికి
అదే పడవ, సగం ఆకుపచ్చ, సగం ఏ రంగూ లేనిది.
ఒకరికొక తెడ్డు.
మాట లేదు, లెక్క లేదు,
తెడ్డు మాత్రం తెడ్డుతోపాటే నీళ్లలో పడుతుంది.
పడవ ఉన్నచోటే గిరగిరా తిరగదు.

"ఈదలేవనుకున్నాం" అన్నాడు ఐలిఫ్,
మేత డబ్బా మూత విప్పుతూ.
"పెరిగాయి. గుడ్లు కూడా పెట్టాయి.
ఎలా నెట్టుకొస్తున్నాయో మాకింకా అంతుబట్టలేదు."

ఆమె చిటికెడు మేత జల్లింది.
ఏడో వరుస అంతా ఒక్క ఉదుటున పైకి లేచింది,
చారలు చారలుగా, తోసుకుంటూ,
తొట్టి అంచు దాటి నీళ్లు చిమ్మి
ఆమె మోచెయ్యి దాకా తడిపింది.

చొక్కా చెయ్యి పిండుకుంటూ
"మాకు తెలుసులే" అంది,
చేపలతోనో, ఐలిఫ్‌తోనో.